గోతిలో పడే తెల్లకారు

మిస్ వినిఫ్రెడ్ గెల్డర్ ఆఫీసు మెట్లెక్కేవాళ్ళలో చాలామంది భర్త మీదో భార్య మీదో అనుమానంతో వస్తారు. ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం వానలో గొడుగు కూడా లేకుండా వచ్చిన అమ్మాయికి మాత్రం తన మీదే అనుమానం.

"మా నాన్నని నేనే చంపానేమోనని భయంగా ఉంది మేడమ్," అంది, ఇంకా కూర్చోకుండానే.

నెవిల్ పైక్ చేతిలోని టీ సాసర్‌లోకి ఒలికింది. మిస్ గెల్డర్ దగ్గర సహాయకుడిగా చేరి మూడేళ్ళైనా అతనికి ఇలాంటి మాటలు అలవాటు కాలేదు. ఆమె మాత్రం నోట్లోని పిప్పరమెంటు బిళ్ళని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుంది.

"ముందు ఆ తడికోటు విప్పమ్మా. చంపినవాళ్ళకైనా జలుబు చేస్తుంది. నెవిల్, ఆ టీ నువ్వు తాగెయ్, అమ్మాయికి వేరే కప్పులో పొయ్."

అమ్మాయి పేరు హిలరీ ఆర్కెల్. తండ్రి డెన్నిస్ ఆర్కెల్. ఆ పేరు వినగానే నెవిల్ ముఖం వెలిగిపోయింది.

"ఆదివారం సాయంత్రం టీవీలో వచ్చే గూఢచారి సీరియల్ రాసేది ఆయనే కదా! నేను ఒక్క వారం కూడా వదల్లేదు."

"అయితే ఆ పేరు చదివింది ఈ దేశంలో మీరొక్కరే అయ్యుంటారు," అంది హిలరీ. "అది తెర మీద అలా వచ్చి ఇలా పోతుంది. జనం అప్పుడే కదా టీ పెట్టుకోడానికి లేచేది."

డెన్నిస్ ఆర్కెల్ బతుకంతా అలాగే గడిచింది. కుర్రతనంలో రంగస్థలానికి ఒక నాటకం రాశాడు; లీడ్స్ ఊళ్ళో వారం రోజులు ఆడి ఆగిపోయింది. తర్వాత టీవీ వచ్చింది, ఇల్లు గడవాలి, సాహస కథల్లో దిగాడు. మొదట్లో కర్ర కత్తుల వీరులు, ఆ తర్వాత దొంగ సరుకు పడవలు, ఆ తర్వాత గూఢచారులు. స్టూడియోలో అట్టతో కట్టిన వీధి ఒకటే ఉండేది. బోర్డులు మారిస్తే ఈ వారం పారిస్, వచ్చే వారం ఇస్తాంబుల్. కథ రాసి దానికి హంగులు వెతకడం అక్కడ ఉండదు. ఉన్న హంగులకి కొలతలు తీసి కథ కుట్టాలి. ఆ హంగుల్లో అన్నిటికంటే పాతది ఒక చిన్న ఫిల్ము ముక్క: తెల్లకారు ఒకటి సుద్దగని అంచు నుంచి గోతిలో పడి భగ్గున మండుతుంది. ఎప్పుడో తీసిన ఆ ముక్కని ప్రతి సీరియల్‌లోనూ వాడుకునేవారు. అందుకే డెన్నిస్ కథల్లో దుర్మార్గుడెవడైనా సరే, తెల్లకారే ఎక్కాలి, చివరికి అందులోనే చావాలి.

"పోయిన నెల ఫోన్‌లో గొడవపడ్డాం," అంది హిలరీ. "నేను టీచర్ని. క్లాసులో పిల్లలు ఆ కారుని చూసి నవ్వుతారు. 'పదేళ్ళుగా అదే కారుని అదే గోతిలో తోస్తున్నావు నాన్నా, ఒక్కసారైనా దాన్ని సరిగ్గా చూశావా? ఈసారి నువ్వు కూడా ఎక్కి కూర్చో, కథ కొత్తగా ఉంటుంది' అన్నాను. ఆయన నవ్వి ఫోన్ పెట్టేశాడు. ఆ వారంలోనే... అదే గోతిలో, తన కారులోనే..."

నెవిల్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"పోలీసులు ఏమంటున్నారు?"

"సీరియల్ ఆగిపోతోందట, ఆ దిగులుతో ఆత్మహత్య చేసుకున్నాడట. తన చావు తనే రాసుకున్నాడని స్టూడియోలో జోకులేస్తున్నారు. నాకొక్కటే తెలియాలి మేడమ్. ఆయన పోయింది నా మాట వల్లా, కాదా?"

"తెలిశాక అది నీకు నచ్చకపోవచ్చు."

"నచ్చక్కర్లేదు. తెలిస్తే చాలు."

*

సుద్దగని తెల్లగా, తడిగా, దిక్కులేనిదానిలా ఉంది. అంచున గడ్డి మీద చక్రాల జాడని వాన ఎప్పుడో కడిగేసింది. అడుగున కాపలావాడు హాబ్డే రేకుల గది ముందు నిలబడి వాళ్ళకోసం ఎదురుచూస్తున్నాడు.

"సాయంత్రం మసక పడుతోంది మేడమ్. ధన్‌మని చప్పుడైతే పరిగెత్తా. కారు ముక్కు నేలలో దిగబడి ఉంది. పెద్దాయన స్టీరింగ్ చక్రం మీద వాలిపోయి ఉన్నాడు. పైన రోడ్డు మీద ఎవరైనా వింటారేమోనని లోపలికి చెయ్యి పెట్టి హారన్ నొక్కా. మోగలేదు. దీపాల మీట వేసే ఉంది, ఒక్క దీపమైనా వెలగదు."

"పగిలిపోయాయేమో?" అన్నాడు నెవిల్.

"ముందువి పగిలాయి బాబూ. వెనకవి నిక్షేపంగా ఉన్నాయి."

"మంటలు రాలేదా?" అడిగింది మిస్ గెల్డర్.

"రాలేదు. అదే వింత. పెట్రోలు వాసన ముక్కు పగిలేట్టు కొట్టింది, నిప్పురవ్వ మాత్రం లేదు. దేవుడి దయ."

మిస్ గెల్డర్ అక్కణ్ణుంచి కారుని లాక్కెళ్ళిన గారేజీకి వెళ్ళింది. కారు ముందు భాగం అప్పడంలా నలిగి ఉంది. మెకానిక్ బానెట్ ఎత్తి చూపించాడు. బ్యాటరీకి తగిలించే వైరు ఊడి ఉంది. విరిగి కాదు, తెగి కాదు. ఎవరో విప్పి చక్కగా మడిచి పక్క సందులో దోపారు. విప్పిన నట్టుని మళ్ళీ దాని చోట బిగించారు కూడా.

"ఇది మీరు విప్పిందేనా?"

"మేం కాదండీ. మేం గునపంతో బానెట్ పెకలించేసరికే అలా ఉంది. పోలీసులు విప్పారనుకున్నాం."

స్టేషన్లో సార్జెంట్ కోల్స్‌ని అడిగితే, "గారేజీవాళ్ళు విప్పుంటారు, మామూలేగా," అన్నాడు.

బయటికొచ్చాక నెవిల్ ఉండబట్టలేక అడిగాడు. "మేడమ్, ఒక వైరు గురించి ఇంత దూరం తిరగడమెందుకు?"

"గునపం లేనిదే తెరుచుకోని బానెట్ లోపల, నెవిల్, నట్టు బుద్ధిగా బిగించి ఉంది. గోతిలో పడ్డాక ఎవరు బిగిస్తారు? పడకముందు బిగిస్తే కారు అంచుదాకా ఎలా వెళ్ళింది? ఇంటికెళ్ళేలోగా ఆలోచించు."

నెవిల్ రైల్లో ఇంటిదాకా ఆలోచించాడు. ఆమె గొప్పతనం మాత్రమే అర్థమైంది.

*

మర్నాడు స్టూడియోకి వెళ్ళారు. ప్రొడ్యూసర్ జెరాల్డ్ లాంబోర్న్ గది నిండా సీరియళ్ళ పోస్టర్లు. నెరిసిన జుట్టు, మెత్తని గొంతు, చావు ఇంటికి తగిన ముఖం. తనకీ వాళ్ళకీ విస్కీ పోశాడు. ఒక్కో గ్లాసు నింపగానే సీసా మూత గట్టిగా బిగించి, మళ్ళీ విప్పి, ఇంకో గ్లాసు నింపాడు.

"డెన్నిస్ బంగారం లాంటి మనిషండీ. మూడు గోడలూ ఒక మెట్లవరసా ఉన్నాయంటే, సోమవారానికల్లా వాటిలో ఇమిడే కథ తెచ్చేవాడు. ఏం తట్టినా ముందు నాకే చెప్పేవాడు. నేను సరే అన్నాకే ఇంకొకరి చెవిన వేసేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పద్ధతి తప్పలేదు. ఈ రోజుల్లో అంత మర్యాద ఎవరికుంది?"

"ఆ రోజు మీకు కనిపించాడా?"

"లేదు. చాలా రోజులై కనిపించలేదు. పిలిచి మాట్లాడాల్సింది. ఆ బాధ నాకు పోదు." మూత మళ్ళీ బిగించాడు. "చివరికి ఆ గోతినే నమ్ముకున్నాడు, పిచ్చివాడు."

సీరియల్ హీరో మైల్స్ కారిగన్ మేకప్ కుర్చీలో కూర్చుని ముక్కుకి పౌడర్ వేయించుకుంటున్నాడు. అతన్ని దగ్గర్నుంచి చూడగానే నెవిల్ టై సరిచేసుకున్నాడు.

"నేను డెన్నిస్‌ని తోశానా? కారులోనా?" కారిగన్ నవ్వి, గొంతు తగ్గించాడు. "ఎవరితో అనకండి. నాకు కారు నడపడమే రాదు. వెనక తెర మీద రోడ్డు కదులుతుంది, నేను చక్రం తిప్పుతూ కూర్చుంటా, ఇద్దరు మనుషులు బండిని ఊపుతారు. నాకు వాంతొస్తుంది."

"బానెట్ ఎప్పుడైనా తెరిచారా?"

"అది ముందుంటుందా, వెనకుంటుందా?"

నెవిల్ ముఖం చూస్తే మిస్ గెల్డర్‌కి జాలేసింది. ఆదివారాలు ఇక మునుపటిలా ఉండవు.

సాహస విన్యాసాలన్నీ చేయించేది బెర్ట్ మలిన్స్. కుడిచెయ్యి మోచేతిపై దాకా పిండికట్టులో ఉంది. డెన్నిస్ పోవడానికి ముందే, జనవరి మొదట్లో గుర్రం మీంచి పడ్డాడట. సిగరెట్ వెలిగించుకోడానికి కూడా నెవిల్ సాయం కావాల్సి వచ్చింది.

"బ్యాటరీ వైరా? గొయ్యి దగ్గరికి ఏ బండి వెళ్ళినా అది తీయాల్సిందే. నిప్పురవ్వ ఎగిరితే బండి తగలబడుతుంది. మా వాళ్ళు లాగి అవతల పారేస్తారు. నట్టు ఎటు పోయిందో ఎవడికి పట్టింది, ఎలాగూ బండి తుక్కేగా."

"ఎప్పటినుంచి ఈ పద్ధతి?"

బెర్ట్ సిగరెట్ బూడిద దులిపాడు. "మా అన్న ఆల్ఫ్ పోయినప్పటినుంచి. ఆ గోతిలోనే పోయాడు, తెలుసా? తెల్లకారుతో షూటింగ్ పెట్టుకుంటే వెలుతురు చాలక ఆపేశారట. అందరూ వెళ్ళాక మా వాడు తాగేసి, ఆ కారు ఎత్తుకెళ్ళి పడ్డాడట. బండితో సహా కాలిపోయాడు. తాగుబోతు, దొంగ అని పేరు పడింది. మా అమ్మ మళ్ళీ చర్చి గడప తొక్కలేదు."

"ఇదంతా ఎవరు చెప్పారు?"

"మిస్టర్ లాంబోర్న్. అప్పట్లో ఆ యూనిట్ నడిపింది ఆయనే. ఆ తర్వాత నేను సైన్యం నుంచి వస్తే పని ఇప్పించాడు. మంచోడే. ఇంకో తెల్లకారు తెచ్చి ఆ షాట్ తర్వాతెప్పుడో తీశారంట." ఎడమచేతి వేళ్ళు చూసుకున్నాడు. "మా అన్నకి కుడిచేతికి రెండు వేళ్ళు ఉండేవి కావు మేడమ్, యుద్ధంలో పోయాయి. అయినా వాడు చక్రం పట్టినట్టు ఇంకెవడూ పట్టలేడు. అలాంటోడు తాగి గోతిలో పడ్డాడంటే ఇప్పటికీ నాకు మింగుడుపడదు."

చివరగా ఎడిటింగ్ గది. ఫ్రీడా పోస్నర్ అనే నడివయసు ఆవిడ, వియన్నా నుంచి యుద్ధానికి ముందు ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన మనిషి, మెడలో ఫిల్ము ముక్కలు దండలా వేసుకుని పని చేస్తోంది.

"డెన్నిస్ వచ్చాడు. రచయితలు ఇక్కడికి రారు. వాళ్ళకి కాగితమే, మాకు ఫిల్మే. ఆయన మాత్రం వచ్చి, 'ఫ్రీడా, ఆ కారు ముక్క ఒక్కసారి చూపించు. పదేళ్ళుగా దాని గురించి రాస్తున్నా, సరిగ్గా ఎప్పుడూ చూడలేదు' అన్నాడు. ఈ యంత్రం మీద వేసిచ్చి నా పనిలో నేను పడ్డా. చేత్తో తిప్పుతూ మెల్లగా చూశాడు. మళ్ళీ మళ్ళీ చూశాడు. టీ ఇస్తే తాగలేదు. 'ముందు చెప్పాల్సిన మనిషికి ముందు చెప్పాలి' అంటూ లేచి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడే పోయాడు."

"ఆ ముక్కలో ఏముంది?"

"ఏముంటుంది? కారు. నేను ఫిల్ము అంచున గుర్తులు చూసి అతికిస్తా, అంతే. ఎన్నిసార్లు అతికించానో!"

మిస్ గెల్డర్ ఆ యంత్రం ముందు కూర్చుంది. పిడి పట్టుకుని మెల్లగా తిప్పింది. నెవిల్ వెనక నిలబడ్డాడు గాని, ఆమె భుజం అడ్డొచ్చి ఏమీ కనిపించలేదు. ఆమె లేచినప్పుడు నోట్లో పిప్పరమెంటు లేదు. ఎప్పుడు మింగేసిందో ఆమెకే తెలియదు.

*

గురువారం మధ్యాహ్నం స్టూడియోలోని చిన్న ప్రొజెక్షన్ హాల్లో అందరూ చేరారు. లాంబోర్న్ ముందు వరసలో, కారిగన్ అతని పక్కన, బెర్ట్ ఓ చివర, హిలరీ, ఫ్రీడా వెనక. సార్జెంట్ కోల్స్ తలుపు దగ్గర అయిష్టంగా నిలబడ్డాడు.

"డెన్నిస్ ఆర్కెల్ ఆత్మహత్య చేసుకోలేదు," అని మొదలుపెట్టింది మిస్ గెల్డర్. "బ్యాటరీ వైరు విప్పి, నట్టు బిగించి, బానెట్ మూసినవాడు కారు బయట ఉన్నాడు. వైరు లేని కారు తాళం తిప్పినా కదలదు. అంచున ఆగి ఉన్న కారులో, స్పృహ లేని మనిషిని చక్రం ముందు కూర్చోబెట్టి, బ్రేకు తీసి తోశారు. ముందే తల మీద కొట్టారు; ఆ దెబ్బ కారు పడ్డప్పుడు తగిలిందే అనుకున్నారు, అందుకని ఎవరూ వెతకలేదు."

"చంపేవాడికి వైరు విప్పాల్సిన పనేముంది?" అన్నాడు సార్జెంట్. "బండి కాలిపోతే వాడికే మంచిది. అన్నీ బూడిదయ్యేవి."

"అదే నన్ను తొలిచింది సార్జెంట్. అది లెక్క వేసుకుని చేసిన పని కాదు, అలవాటు. ఆ గొయ్యి దగ్గర కారు తోయాలంటే చెయ్యి తనంతట తనే వైరు మీదికి వెళ్ళే మనిషి చేసిన పని. కారిగన్ గారికి బానెట్ ఎక్కడుంటుందో తెలియదు."

"ధన్యవాదాలు," అన్నాడు కారిగన్ నీరసంగా.

"బెర్ట్ మనుషులైతే వైరు లాగి పారేస్తారు. బెర్ట్ అయితే పిండికట్టుతో కారు తోయలేడు. విప్పిన ప్రతిదాన్నీ వెంటనే బిగించే మనిషి ఇంకొకరున్నారు. మొన్న మాకు విస్కీ పోస్తూ ప్రతి గ్లాసుకీ సీసా మూత బిగించారు." ఆమె లాంబోర్న్ వైపు చూడలేదు. "ఫ్రీడా, దీపాలు ఆర్పించమ్మా. బెర్ట్, నువ్వు బయటికి వెళ్ళాలనుకుంటే ఇప్పుడే వెళ్ళు. ఇది నువ్వు చూడాలో వద్దో నేను తేల్చుకోలేకపోతున్నాను."

"ఏంటది?" అన్నాడు బెర్ట్. కదల్లేదు.

తెర మీద ఆ కారు వచ్చింది. దేశమంతా ఎరిగిన కారు. కానీ ఈసారి అది పడటం లేదు. ఒక్కో బొమ్మగా, గాలిలో ఆగి ఆగి దిగుతోంది. మామూలుగా చూసేవాళ్ళ కళ్ళు కింద రాబోయే మంట మీద ఉంటాయి. ఇప్పుడు చూడ్డానికి కిటికీ ఒక్కటే ఉంది. చీకటి అద్దం వెనక తెల్లగా ఏదో కదిలింది. తర్వాతి బొమ్మలో అది అద్దానికి అతుక్కున్న అరచెయ్యి. బొటనవేలు, ఇంకో రెండు వేళ్ళు. మిగిలినచోట ఖాళీ.

నెవిల్‌కి ఆదివారాలు, వేడి టోస్టు, ఆ కారు పడగానే తను కొట్టిన చప్పట్లు గుర్తొచ్చాయి.

"ఆల్ఫ్," అన్నాడు బెర్ట్, ఎవరో పిలిస్తే పలికినట్టు. కాసేపటికి, "మా అమ్మ ప్రతి ఆదివారం చూసేది ఇది. నేను షూటింగ్ చేసే సీరియల్ అని, చూసేది," అన్నాడు.

దీపాలు వెలిగాయి. మిస్ గెల్డర్ గొంతు ఇప్పుడు మెల్లగా ఉంది.

"ఆ రోజు వెలుతురు ఉంది, షూటింగ్ జరిగింది. ఆల్ఫ్ కారుని అంచుదాకా నడిపి దూకేయాలి. తలుపు తెరుచుకోలేదు. అక్కడున్న కొద్దిమంది నోళ్ళు నొక్కి, తాగి బండి దొంగిలించాడని చెప్పి, చచ్చినవాడి మీద నింద వేశారు. కొన్నాళ్ళకి ఆ ఫిల్ముని బయటికి తీసి, కొత్తగా తీసిందని చెప్పి, వాడుకుంటూ వచ్చారు. డెన్నిస్ అది చూశాడు. ముందు బెర్ట్ దగ్గరికి వెళ్ళుంటే ఈ రోజు బతికుండేవాడు. కానీ ఏ కథైనా ముందు ప్రొడ్యూసర్‌కి చెప్పడం ఆయన జీవితమంతా నేర్చుకున్న పద్ధతి. ఈ కథ కూడా అలాగే మీకు చెప్పాడు మిస్టర్ లాంబోర్న్. మీరేమన్నారు? 'పద, ఆ చోటు ఒకసారి చూసి, ఇద్దరం కలిసి పోలీసుల దగ్గరికి వెళ్దాం' అన్నారా?"

లాంబోర్న్ అప్పటిదాకా తెర వైపే చూస్తున్నాడు. అది ఖాళీగా ఉంది.

"తలుపు ఇరుక్కుంది," అన్నాడు. "కేకేశాను. కెమెరా తిరుగుతూనే ఉంది. మంటల్లోంచి వాడి అరుపు... ఆ రోజు నుంచి ఏ బండికైనా వైరు నా చేత్తో తీయకపోతే నాకు నిద్ర పట్టదు. డెన్నిస్‌ది కూడా... కాలిపోతాడేమోనని..."

"కాలకుండా చంపావు," అన్నాడు బెర్ట్. "పెద్దమనిషివి." లేచి అతని ముందుకొచ్చి నిలబడ్డాడు. సార్జెంట్ అడ్డు రాబోయాడు గాని అవసరం లేకపోయింది. బెర్ట్ అతన్ని తేరిపార చూసి, వెళ్ళి గోడ వైపు తిరిగాడు. లాంబోర్న్ కోటు బొత్తాలన్నీ పెట్టుకుని సార్జెంట్ వెంట నడిచాడు.

*

బయట వాన పట్టువదలకుండా కురుస్తోంది. అట్ట వీధిలో ఆ వారం లిస్బన్ బోర్డులు వేలాడుతున్నాయి. హిలరీ వాటి కింద ఆగింది.

"ఒక్కసారైనా దాన్ని సరిగ్గా చూశావా అని నేనే అన్నాను," అంది. "అందుకే కదా ఆయన వెళ్ళి చూసింది."

నెవిల్ ఏదో ఓదార్పు మాట వెతుక్కున్నాడు. మిస్ గెల్డర్ అతని మోచెయ్యి పట్టి ఆపింది.

"అవునమ్మా. నీ మాటకే వెళ్ళాడు. చావడానికి కాదు, చూడటానికి. ఆ ముక్క ఎంతమంది చేతుల్లోంచి పోయింది, ఎన్ని లక్షల ఇళ్ళలో ఆడింది! ఆ చేతిని చూసింది మీ నాన్న ఒక్కడే. చూసి ఊరుకోలేదు కూడా. నిజం అడిగావు కనక ఇదంతా చెప్తున్నాను."

హిలరీ ఏడ్చింది. ఆపమని ఎవరూ అనలేదు.

ఫ్రీడా గొడుగు పట్టుకుని వచ్చింది. "నా దగ్గరున్నది కత్తిరించి పోలీసులకిచ్చేశాను. ఇక ఎప్పుడూ అతికించను. కానీ ఆ పాత భాగాలన్నీ ఎప్పుడో అమ్మేశారు. కెనడాకి, ఆస్ట్రేలియాకి, ఇంకా ఎక్కడెక్కడికో. వాటిని వెనక్కి తేలేం."

"అంటే మా అన్న ఇంకా పడుతూనే ఉంటాడన్నమాట," అన్నాడు బెర్ట్.

హిలరీ కళ్ళు తుడుచుకుని, అతని పిండికట్టు తడవకుండా ఫ్రీడా గొడుగుని అటు జరిపింది.

"పోలీసులు ఇప్పటికి నాన్నని అప్పగించారు, రేపు అంత్యక్రియలు," అంది. "స్టూడియో నుంచి ఎవరూ రారనుకున్నాను. మీరు వస్తారా?"

"వస్తాను," అన్నాడు బెర్ట్. "మా అన్న పోయినప్పుడు మా ఇంటికి ఎవరూ రాలేదు."

ఆ ఆదివారం సీరియల్ వేయలేదు. దాని బదులు పూలతోటల గురించి ఏదో చూపించారు. నెవిల్ దాన్ని చివరిదాకా చూశాడు. తోటల తర్వాత పేర్లు వచ్చాయి. వాళ్ళమ్మ టీ పెట్టడానికి లేస్తుంటే, "కాసేపు కూర్చోమ్మా," అన్నాడు. తెర మీదికి వచ్చిన పేర్లన్నీ, ఎవరివో తెలియకపోయినా, పైకి చదివాడు.